బురద పోయే సందు

మా మనవరాలి బండి మొదటిసారి వాకిట్లోకి వచ్చిన రోజు నా కన్ను ముందు చక్రం మీద పడింది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య జానెడు ఖాళీ. డొంకల్లో, చేలగట్ల మీద తిరిగే బండి అంట. ఊరూరా పొలాలు చూసి పంటల సంగతి రాసుకొచ్చే ఉద్యోగం ఆ పిల్లది.

నేను చదివింది మూడో తరగతి వరకే గానీ, సబ్బు ఎంత అరుగుతుందో నాకు తెలుసు. పిల్ల రోజూ మోకాళ్ళ దాకా బురద చిమ్మించుకుని వచ్చేది. ఒక ఆదివారం అది నిద్రపోతుండగా మెకానిక్కుని పిలిపించి, పాత ఇనప సామాన్లలో పడున్న మా ఆయన బండి మడ్‌గార్డుని దాని ముందు చక్రానికి ఆనించినట్టు బిగింపించాను.

లేచి చూసి లబోదిబోమంది. "నాయనమ్మా, అది ఊరికే వదిలిన ఖాళీ కాదు. బురద పోయే సందు. మన రేగడిలో అది మూసేస్తే చక్రం తిరగదు."

"ఇన్నేళ్ళూ మీ తాత బండి తిరగలా?"

"తాతయ్య వానలో డొంకలోకి బండి దించేవాడా?"

దించేవాడు కాదు, నడిచే వెళ్ళేవాడు. ఆ మాట నేను ఒప్పుకోలేదు. బిగించినదాన్ని పీకి పారేస్తే ఊరుకోనన్నాను. నా నోటికి జడిసి అలాగే వదిలేసింది.

తుపాను వస్తుందని టీవీలో చెప్పిన రోజు, విచ్చిన పత్తి తడవకముందే తీద్దామని మా ఆయనా, నేనూ, పిల్లా ముగ్గురం చేలోకి వెళ్ళాం. పొద్దున డొంక ఎండి గట్టిగానే ఉంది, పిల్ల బండి చేను దాకా వచ్చింది. మధ్యాహ్నానికి వాన దంచి పోసింది. మూటల మీద కప్పడానికి మా ఆయన గట్టు మీది పట్టా లాగాడు. దాని కింద తాచు ఉంది. ఆయన పాదం మీద కాటేసి, పడగ దించుకుని చేలోకి పోయింది.

పిల్ల ఫోన్ చేస్తే అంబులెన్సు వాళ్ళు తారురోడ్డు మీద ఉంటామన్నారు. అక్కడికి రెండు కిలోమీటర్లు, అంతా నల్లరేగడి.

ఆయన్ని బండి మీద మధ్యలో కూర్చోబెట్టాం. నాట్లప్పుడు ఎగ్గట్టినట్టు చీర గోచీ పెట్టి, వెనకాల అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చున్నాను. ఆయన్ని పిల్ల నడుముకి తువ్వాలుతో కట్టబోయాను.

"కట్టొద్దు! పడితే విడివిడిగా పడాలి. నువ్వే పట్టుకో," అంటూ హెల్మెట్ పెట్టుకుంటోంది.

"ఇక్కడ మనిషి పోతుంటే ఇప్పుడా ఆ కుండ?"

"పడితే మీ ఇద్దర్నీ లేపాల్సింది నేనే నాయనమ్మా."

మెల్లగా కదిలింది. ఒకటే గేరు, ఒకటే వేగం. "కాళ్ళు కింద పెట్టొద్దు. బురదకేసి చూడొద్దు, దూరంగా ఆ తుమ్మచెట్టుని చూడు," అంటూనే ఉంది. చక్రం జారినప్పుడు నేను భయపడి కాలు పెట్టేశాను. బండి ఒరిగి, పడబోయి నిలబడింది. పిల్ల మళ్ళీ తిన్నగా పోనిచ్చింది. ముందు బ్రేకు మీద మాత్రం వేలు కూడా వేయలేదు. అది నొక్కితే అక్కడికక్కడే బోర్లాపడతాం అంది.

"ఏవయ్యా, పలుకు," అన్నాను.

"కళ్ళు... బరువుగా ఉన్నాయే," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

సగం దారిలో ముందు చక్రం ఆగిపోయింది. రేగడి మడ్‌గార్డు కింద కూరుకుపోయి, ఎండిన పిడకలా బిగిసింది. ఇంజను మూలుగుతోంది, చక్రం మాత్రం తిరగడంలేదు. ఆయన్ని గట్టుకి ఆనించి, పత్తి తీసిన వేళ్ళతోనే ఆ మట్టి పెకలించాను. తీసిన కొద్దీ అంటుకుంటోంది. పిల్ల పానాతో ఒక బోల్టు ఊడదీసింది. రెండోది తుప్పుపట్టి కదల్లేదు. ఆయన తల నా వైపు వాలిపోతోంది. నోట్లోంచి చొంగ కారుతోంది. రెండు చేతులా ఆ రేకు పట్టుకుని గుంజాను. అరచెయ్యి తెగింది. ఇంకోసారి గుంజితే విరిగి చేతిలోకొచ్చింది. ఎత్తి చేలోకి విసిరేశాను.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. తారురోడ్డు చేరేసరికి ఆయన నాకు బదులు పలకడంలేదు.

గుంటూరు ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి ఊపిరి మిషను పెట్టారు. డాక్టరుగారు బయటికొచ్చి, "ఇంత ఆలస్యం ఎందుకైందమ్మా?" అని అడిగారు.

"దారి బాగోలేదండీ," అంది పిల్ల నేల చూస్తూ.

"దారి కాదండీ. నేను," అన్నాను. డాక్టరుగారికి అర్థం కాలేదు. ఆ రేకు సంగతి చెప్పబోయాను. పిల్ల నా కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. నాలుగు రోజులు ఆ బెంచీ మీదే ఉన్నాను. మిషను శబ్దం ఆగినట్టనిపిస్తే లేచి తలుపు దాకా వెళ్ళేదాన్ని.

ఐదో రోజు గొట్టం తీశారు. ఆయన నా మొహంలోకి చూసి, గాలిలాంటి గొంతుతో అడిగాడు.

"పత్తి తడిసిందా?"

"మొత్తం తడిసింది," అన్నాను. "తడిస్తే తడిసింది. నువ్వు మాట్లాడకు."