తోక లేని పిట్ట

ముందుగా, రాయినీ రాయి మీద వాలే పిట్టనూ చేసిన దేవునికి స్తోత్రం. ఆయన పేరు తలుచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. చనిపోయినవారు ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారని చిన్నప్పటి నుంచి సంఘంలో నేర్చుకున్నాను, సండే స్కూలు పిల్లలకు నేర్పాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మా ఇల్లు. పెరట్లో ఒక వేపచెట్టు, ఒక జామచెట్టు, వాటి కింద రేకుల షెడ్డు. అందులో సమాధుల మీద పెట్టే గ్రానైట్ పలకలు చెక్కుతాను. శిలువలు, పేర్లు, వాక్యాలు. చలికాలం పొద్దున్నే ఉలి పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ నెలల్లోనే తోక ఆడించుకుంటూ నడిచే ఒక బూడిదరంగు పిట్ట ఎక్కడినుంచో మా పెరట్లోకి వస్తుంది. రాతిపొడి మీద దాని కాళ్ల గుర్తులు కనిపిస్తాయి. గోడ కింద కలుగులో ఒక ముంగిస కూడా ఉంది.

నాకు పని నేర్పింది యాదగిరి అన్న. సనత్‌నగర్ నుంచి రోజూ వచ్చేవాడు. ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో పనిచేశాం. నాది ఎడమచేతి వాటం. అందరి ఉలి గాట్లు ఒకవైపు వాలితే నావి రెండోవైపు వాలతాయి. "నీ పని యాడున్నా గుర్తువడ్తది తమ్మీ. దొంగతనం జేస్తే దొరికిపోతవ్" అని నవ్వేవాడు.

రెండేళ్ల కిందటి చలికాలం ఆయన పిట్టల కోసం ఒక నీళ్ల తొట్టి మొదలుపెట్టాడు. బరువైన బండ, దాని మీద వెడల్పాటి గుంట, గుంట అడుగున ఉబ్బెత్తుగా ఆ బూడిదరంగు పిట్ట. తోక దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది. ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు దెబ్బలకే ఆయాసం వచ్చేది.

"గీ తోక జర నువ్వు తియ్యి తమ్మీ. నాతోని అయితలేదు."

ప్రాణుల రూపాలు చెక్కనని చెప్పాను. రూపాలు చెక్కి మొక్కవద్దని బైబిల్లో ఆజ్ఞ ఉంది కదా అన్నాను.

"పిట్టకు ఎవడన్న మొక్కుతడా? నీ దేవుడు చేసిన పిట్టనే గదా గిది. చూసి దించుతున్న, గంతే."

అయినా "వద్దన్నా" అన్నాను. నిజం చెబితే, ఆజ్ఞ కంటే ఎక్కువగా నన్ను ఆపింది సంఘ పెద్దలెవరైనా వచ్చి చూస్తారేమోనన్న భయం.

వారం తర్వాత ఆయన్ని పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మా ఇంటినుంచి నడిచి వెళ్లేంత దూరం. క్రిస్మస్ పాటల సాధన ఉందని ఒకరోజు, పలక ఇచ్చేయాలని ఒకరోజు, వెళ్లలేదు. వెళితే మళ్లీ తోక గురించి అడుగుతాడని వెళ్లలేదు. పదకొండో రోజు అన్న పోయాడు.

అంత్యక్రియల నుంచి వచ్చాక ఆ రాతిపిట్టను చూడలేకపోయాను. పక్కన వెల్డింగ్ షాపు నడిపే ఖాజా భాయ్‌ని పిలిచి, ఇద్దరం గునపాలు పెట్టి బండను బోర్లించాం. బోర్లించేముందు ఖాజా భాయ్ గుంటలోకి వంగి చూసి, "తోకేది భాయ్ దీనికి? పిల్లి తిన్నదా?" అన్నాడు. తోక ఉండాల్సిన చోట చెక్కని రాయి ముద్దలా ఉంది. నేనూ చూశాను. ఏడాదిపాటు ఆ బండ వీపు మీదే పలకలు పెట్టి చెక్కాను.

పోయిన చలికాలం ఆ బూడిదరంగు పిట్ట మళ్లీ వచ్చింది. రోజూ వచ్చి ఆ బండ మీదే నిలబడేది. ఒక ఆదివారం ఆరాధన నుంచి వస్తూ నిర్ణయించుకున్నాను, ఎవరేమనుకున్నా తోక పూర్తి చేస్తానని. ఉలి నూరి పెట్టుకుని ఖాజా భాయ్‌ని పిలిచాను. మధ్యాహ్నం ఎండలో బండను తిప్పాం.

తోక ఉంది.

సన్నగా, పొడుగ్గా, కొస కొంచెం పైకి లేచి. కొత్తగా చెక్కినట్టు లేదు. మిగతా పిట్టకు పట్టిన మట్టే దానికీ పట్టి ఉంది.

ఖాజా భాయ్ వంగి తోక పొడుగునా వేలితో తడిమి చూశాడు. "అప్పుడు లేకుండె కదా" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వే చేసి మర్చిపోయినవేమో. జర యాది చేసుకో" అన్నాడు.

తడిగుడ్డతో తుడిచి చూశాను. పిట్ట ఒంటి మీది గాట్లు అన్నవి. తోక మీది గాట్లు రెండోవైపు వాలి ఉన్నాయి. మా సందులో ఎడమచేత్తో సుత్తి పట్టేది నేనొక్కడినే. ఆ బండను నేను ఒక్కడినే తిప్పలేను. ఆ తోకను నేను చెక్కలేదు.

ఇది ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. అన్న అడిగింది నా చేతి పని. అది అక్కడ ఉంది, కానీ నేను ఇవ్వలేదు. క్షమాపణగా చేద్దామనుకున్న ఒక్క పనీ నాకు మిగల్లేదు. నూరిన ఉలి షెడ్డులో అలాగే ఉంది. తొట్టిలో మాత్రం రోజూ నీళ్లు పోస్తున్నాను.

చనిపోయినవారి కోసం ప్రార్థించే అలవాటు మా సంఘంలో లేదు. అందుకని నా కోసమే అడుగుతున్నాను. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, అడిగిన మనిషి బతికి ఉండగానే కదిలే చేతులు మాకు ఇవ్వు. ఆమేన్.