ఎనిమిది చేతుల సీసా

మా కళాశాల జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో పదహారేళ్ళపాటు ఒక సీసా ఉండేది. అందులో ఈక నక్షత్రం, ఈకల్లాంటి చేతులున్న సముద్రజీవి. సీసా మీద చీటీ: "చేతులు ఎనిమిది. మిగతా రెండు, భద్రపరిచిన ఉద్యోగి అజాగ్రత్తవల్ల విరిగినవి." ఆ ఉద్యోగి నేనే. చీటీ రాసినది అప్పటి శాఖాధిపతి.

నా దినచర్య పుస్తకంలో ఉన్నది వేరు: పదకొండు గంటల పది నిమిషాలకు పది చేతులతో, ప్రాణంతో ఆయనకు అందించాను. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు ఆయన దాన్ని నేరుగా స్పిరిట్‌లో ముంచారు. పుస్తకం ఎవరూ తెరవలేదు.

మొన్న శాఖ ప్రదర్శనకు ఆయనే ముఖ్య అతిథి అని తెలిసింది. జాలరిపేటలో రాళ్ళ దగ్గర మునిగే నా పాత పరిచయస్థుణ్ణి ప్రాణమున్న ఈక నక్షత్రం అడిగాను. పగడపు రాతితో సహా సముద్రపు నీళ్ళ బకెట్లో తెచ్చాడు.

"ఇది మొక్క కాదేటి, మేస్టారూ?"

"జంతువే. నీళ్ళు మెల్లగా తిప్పు."

"ఓర్నాయనో, సేతులు సాపుతంది! మా బావ కూడా ఇంతే. కూకున్న సోటు కదలడు, సాపిన సెయ్యి దించడు."

అది అడుగునున్న కొక్కేలతో రాతిని పట్టుకొని, ప్రవాహానికి అడ్డంగా చేతులు విప్పింది. ఈకల వెంట ఉన్న జిగురు పాదాలు నీటిలో తేలివచ్చే సూక్ష్మజీవులను పట్టి చేతి మధ్యనున్న గాడిలో వేస్తాయి. గాడి వాటిని నడుమనున్న నోటికి చేరుస్తుంది. బెదిరితే మాత్రం చేతులను తానే తెంచుకుంటుంది. అందుకే ముందు మత్తెక్కించి, తరవాతే స్పిరిట్‌లో వేయాలి. ఆయన ఆ పని ఎన్నడూ చేయలేదు.

సభలో ఒక అధ్యాపకురాలి చేత దాని చేతులు అందరికీ వినబడేలా లెక్కపెట్టించాను. పది.

"సార్, మీ చేతులతోనే భద్రపరచండి. పద్ధతి మీకు తెలిసినదే" అన్నాను.

ఆయన నవ్వుతూ దాన్ని నేరుగా స్పిరిట్‌లో ముంచారు. మూడు చేతులు ఊడి సీసా అడుగుకు జారాయి.

"నువ్వే నలిపి తెచ్చుంటావు" అన్నారు, నా వైపు చూడకుండా.

వెనకనుంచి మా జాలరి లేచాడు. "మేస్టారు ముట్టుకోనేదు బాబూ. నాను తెచ్చినాను, తమరు ముంచినారు. ఇంతమందిమి సూసినాం కదేటి!"

అధ్యాపకురాలు మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు. ఇప్పటి శాఖాధిపతి పాత చీటీ చింపి, కొత్తది నన్నే రాయమన్నారు. రెండు సీసాలకూ రాశాను: సమయం, ముంచినవారి హోదా, ముందు ఎన్ని చేతులు, తరవాత ఎన్ని. ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయారు. నాకు జాలి కలగలేదు.

ఆ ఈక నక్షత్రాన్ని దాని రాతిమీదనే ఉండనిస్తే చేతులు ఊడినా మళ్ళీ మొలిచేవి. అది తెలిసే, స్పిరిట్‌లో చావడానికి తెప్పించాను. ఆ మాట కూడా అదే రోజు పుస్తకంలో రాసుకున్నాను.