నీలగ్రీవ గారి సగం కాయితాలు

శనివారం పొద్దున్న ఆరుంపావుకి సామర్లకోటలో రైలెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, ఎనిమిది పేజీల వ్యాసం, ఒక పోస్టుకార్డు. పెద్ద నోట్లు చెల్లకుండా పోయిన చలికాలం అది. చిల్లర ఎక్కడా దొరకదని మా ఆవిడ పోపుల డబ్బాలోంచి పది రూపాయల నోట్లు ఏరి జేబులో కుక్కింది.

ముందు ఆ కార్డు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో 'నీలగ్రీవ' అనే పేరుతో జానపద నవలలు వచ్చేవి. మాంత్రికులు, మాట్లాడే శంఖాలు, నడిచే కోటలు. 'గవ్వల సింహాసనం', 'ఏడు నీడల మాంత్రికుడు' చదవని ఇల్లు మా వీధిలో లేదు. రాసేదెవరో మాత్రం ఎవరికీ తెలియదు. నేను పత్రిక ద్వారా ఉత్తరం రాస్తే రెండు ముక్కల జవాబు వచ్చింది. అడ్రసు లేదు, తపాలా ముద్ర మాత్రం ఉంది. నేను తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే సార్టర్ని. ముద్ర ఉంటే చాలదా? వాకబు చేసి, నీలగ్రీవ అంటే పొందూరు పక్క పల్లెలో ఉండే బడిపంతులు దేవసహాయం మేస్టారేనని ఊరూ పేరుతో సహా వ్యాసం రాశాను. అది అచ్చయ్యాక నెల రోజులు కాలరెగరేసుకు తిరిగాను.

రెండు నెలలకి ఆయన మూడో నవల ఆగిపోయింది. రాజకుమారి నల్లరాతి తలుపు మీద చెయ్యి వేసింది, లోపల ఏముందో చెప్పకుండానే. ఎందుకాపారని సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాసింది కూడా నేనే.

కారణం రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో తెలిసింది. మేస్టారిది క్రైస్తవ కుటుంబం. నా వ్యాసం చూసి వాళ్ల సంఘ పెద్దలు, మంత్రగాళ్ల కథలు రాసేవాడు ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదన్నారట. నెలకోసారి అందరూ కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం ఆయనకి ఏడేళ్లు ఇవ్వలేదు. అది విన్నప్పటి నుంచి వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలని ఉండేది, మొహం చెల్లలేదు. ఈలోగా ఆయన పోయారు. మొన్న ఆయన భార్య మార్తమ్మగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది.

"ఆయన పోయి ఏడాది. ఆదివారం జ్ఞాపకార్థ కూటం. అందరి సగం కాయితాలూ ఆయన రాశారు. ఆయనది రాసేవాళ్లు లేరు. మీరు ఒకసారి రాశారు కదా, రండి. ముందు పొందూరులో సంతోషమ్మ ఇంట్లో కాయితం చూసి రండి."

సగం కాయితం అంటే ఏమిటో నాకు తెలియలేదు. అచ్చుకాని కథలేమో అనుకున్నాను. ఇంత జరిగినా నాలోని పాఠకుడికి ఆశ చావలేదు.

పదిన్నరకి విజయనగరం. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది, టీ పారబోశాను. పదకొండుంపావుకి పాసింజరు, పొందూరుకి టికెట్టు పదిహేను రూపాయలు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి. ఉద్యోగంలో ఈ ఊళ్లన్నీ నాకు చెక్క గూళ్లు. వాటిలోకి ఉత్తరాలు విసిరి ముప్పై ఏళ్లు గడిపాను. ఆ గూళ్లకి చెరువులూ జీడితోటలూ ఉంటాయని ఇప్పుడే చూశాను.

ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకావిడ కూర్చుంది.

"ఎక్కడికెల్తన్నావు బాబూ?"

"పొందూరు."

"పంచెలు కొనడానికా?"

"కాదమ్మా. ఒకరికి క్షమాపణ చెప్పాలి." ముక్కూ మొహం తెలియని మనిషితో ఎందుకన్నానో తెలియదు.

"బతికున్నోలకా, సచ్చిపోనోలకా?"

"ఆయన పోయారు. భార్య ఉన్నారు."

"అయితే తిన్నగా సెప్పీ. సుట్టూ తిప్పినావంటే ఆడోలకి కోపమొస్తాది." ఆ మాట చెప్పి, గంప మీద చెయ్యేసి నిద్రపోయింది.

పన్నెండున్నరకి పొందూరులో దిగాను. సంతోషమ్మ ఇల్లు నేతగాళ్ల వీధి చివర. యాభై ఏళ్ల మనిషి, అరుగు మీద పత్తి ఏకుతోంది. ఆమె చేతిలోది దువ్వెన అనుకున్నాను. వాలుగ చేప దవడ. సూదుల్లాంటి పళ్ల మీదుగా పత్తి లాగుతుంటే నలకంతా కిందికి రాలి, దూది పొగలా తేలుతోంది. 'గవ్వల సింహాసనం'లో ఒక ముసలి మంత్రగత్తె చేప పళ్లతో మబ్బులు దువ్వుతుంది. ఎంత ఊహ అని వ్యాసంలో తెగ మెచ్చుకున్నాను. ఊహ కాదు, ఆయన రోజూ ఈ వీధిలోంచే బడికి వెళ్లేవారట.

"మా అత్త కాయితం బైబిల్లో ఉన్నాది, ఉండండి," అని లోపలికి వెళ్లి తెచ్చింది.

అరఠావు కాగితం, నీలం సిరా. వీళ్ల సంఘంలో ఎవరైనా పోతే కూటంలో వాళ్ల బతుకు గురించి రాసి చదువుతారు. ఈ చుట్టుపక్కల అవన్నీ మేస్టారే రాసేవారు, అరఠావు దాటకుండా. అందుకని ఆ పేరు.

"సాలమ్మగారు వాలుగ దవడతో పత్తి ఏకేవారు. ఆమె చేతిలో పద్నాలుగు దవడలు అరిగిపోయాయి. ఆమె వడికిన నూలుతో నేసిన పంచె ఒక్కటి కూడా వాళ్లింట్లో ఎవరూ కట్టలేదు. కోడలికి కాన్పు కష్టమైన రోజు రాముడువలస దాకా నడిచి మంత్రసానిని తెచ్చారు. ఆ పిల్ల ఇప్పుడు నర్సు."

అంతే. మాంత్రికుడూ లేడు, శంఖమూ లేదు. నిజం చెప్పాలంటే మొదట నిరాశపడ్డాను. రెండోసారి చదివాక కాగితం వెంటనే తిరిగి ఇవ్వలేకపోయాను.

"మా అత్త గయ్యాలి బాబూ," అంది సంతోషమ్మ. "అయినా ఇది సదివినపుడల్లా ఏడుపొస్తాది."

రెండింటికి ఆటో ఎక్కి, ఇరవై నిమిషాల్లో మేస్టారి పల్లెకి చేరాను. మార్తమ్మగారికి డెబ్బై దాటాయి. గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశారు. చేపలావిడ చెప్పినట్టే తిన్నగా చెప్పేశాను.

"అమ్మా, నా వ్యాసం వల్లే ఇదంతా జరిగింది. నన్ను క్షమించండి."

"తెలుసు. లోనికి రండి."

ఆమె మంచం కింద పెట్టె లాగి నా వ్యాసం కత్తిరింపు తీశారు. మేస్టారు దాన్ని అట్టకి అంటించి దాచుకున్నారు. నేను బడి పేరు తప్పు రాస్తే పెన్సిలుతో దిద్దారు కూడా.

"కోపం నాకుండీది, ఆయనకి లేదు. నా గురించి ఒకలు రాసినారే అని మురిసిపోనారు. ఏడేళ్లు గుళ్లో ఎనక బెంచీ మీద కూకున్నారు. బల్ల ఇచ్చీటపుడు అందరూ లెగుస్తారు గదా, ఈయన తల వంచీసుకుని కూకునీవోరు. నాను పక్కనుండీదాన్ని."

నేను కూడా తల వంచుకున్నాను. ఆమె మూడు పొడుగు నోటుపుస్తకాలు నా ముందు పెట్టారు. రాసిన ప్రతి సగం కాయితానికీ మేస్టారు నకలు ఉంచుకున్నారు. బావులు తవ్వినవాళ్లు, నర్సులు, రైల్వే కూలీలు, తొమ్మిది రోజులు బతికిన ఒక పసికందు. ఆ పసికందుకి కూడా అరఠావు నిండింది. ఒక పేజీ దగ్గర ఆమె వేలు పెట్టారు.

"ఇది సూడండి. యాకోబు మావ పెల్లాందీ. బల్ల ఆపించిన పెద్ద ఆయనే."

"రూతమ్మగారు సంఘపెద్ద యాకోబుగారి భార్య. ప్రభువు బల్ల కోసం రొట్టెను నలభై ఏళ్లు ఆమే కాల్చారు. పిండి తానే తిరగలితో విసిరేవారు. పొయ్యి దగ్గర మాట్లాడేవారు కారు."

తారీఖు చూశాను. ఆ రొట్టె మేస్టారి నాలిక మీద పడి అప్పటికి నాలుగేళ్లు. పుస్తకం మూసేశాను.

"ఇప్పుడు ఆయనది రాయండి," అన్నారు మార్తమ్మగారు. "సగం కాయితమే. మంచోడు, గొప్పోడు అని రాయకూడదు, ఆయన రాసీవోరు కాదు. సేతులు ఏటి సేసినాయో అది రాయాల. ఆ నవలల పేర్లూ ఎట్టండి."

"గుళ్లోనా? మళ్లీ గొడవవుతుందేమోనమ్మా."

"ఇంకేటి సేస్తారు? సమాదిని ఎనక బెంచీ మీద కూకోబెడతారా?"

సాయంత్రం బస్సులో శ్రీకాకుళం చేరాను. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో గది నాలుగువందలు, దుప్పటి అడిగితేగాని ఇవ్వలేదు. కూటం కోసం ఇంటి దగ్గరే రాసుకొచ్చిన నా ఎనిమిది పేజీల్లో 'మహా' అనే మాట పందొమ్మిది చోట్ల ఉంది. పొగడ్తలన్నీ కొట్టేస్తే మిగిలింది రెండు వాక్యాలు, తక్కినవి ఆ రాత్రి కొత్తగా రాశాను.

ఆదివారం పదింటికి గుడి నిండింది. మార్తమ్మగారు వెనక బెంచీలోనే కూర్చున్నారు. ముందు బెంచీలో కర్ర పట్టుకున్న ముసలాయన యాకోబుగారని చెప్పారు. పాట, ప్రార్థన అయ్యాక నన్ను పిలిచారు. కాగితం పట్టుకుని ముందుకి వెళ్లాను.

"దేవసహాయంగారు ముప్పై నాలుగేళ్లు పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించారు. మూడు పుస్తకాల నిండా మన సగం కాయితాలు రాశారు. నీలగ్రీవ అనే పేరుతో 'గవ్వల సింహాసనం', 'ఏడు నీడల మాంత్రికుడు' రాశారు. మూడో నవల పూర్తి కాలేదు. అది ఆగడానికి కారణమైనవాళ్లలో ఈ కాగితం చదువుతున్నవాడు ఒకడు."

కాగితం మడిచాను. తర్వాత వెనక నుంచి మార్తమ్మగారి గొంతు "ఆమెన్" అంది. ఒక్కొక్కరే అందుకున్నారు. యాకోబుగారు మాత్రం నోరు విప్పలేదు.

భోజనాలు మార్తమ్మగారి పెరట్లో. అన్నం, కోడికూర, చారు. నా పక్కన యాకోబుగారు. ఆయన తినకుండా మెతుకులు కెలుకుతున్నారు. మార్తమ్మగారు చారు పొయ్యడానికి వంగినప్పుడు అడిగారు.

"మార్తమ్మా, ఆ రాసకుమారి నల్లరాతి తలుపు మీద సెయ్యి ఎట్టినాది గదా. లోన ఏటున్నాది?"

గరిటె గాల్లో ఆగిపోయింది. ఆ తలుపు సంగతి నేను గుళ్లో చదవలేదు.

"నువ్వు సదివినావా మావా?"

"తప్పేటున్నాదో సూద్దామని కొన్నాను." ఆయన ఆకు మీంచి తల ఎత్తలేదు. "తరవాత వారం వారం సీపురుపల్లి ఎల్లి కొన్నాను. ఎవలికీ తెల్దు. రూతుకీ తెల్దు. నీకు ఆయన సెప్పుంటాడు గదా, ఏటున్నాది?"

"సెప్పినారు. మొత్తం సెప్పినారు."

"మరి సెప్పు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఏడేళ్లయ్యాక రా మావా. అపుడు సెప్తాను."

"తొంబై దాటీసినాను. అందాకా నానుంటానేటే?"

"ఉండు. ఉండి రా."

యాకోబుగారు తలూపారు. "నాయమే," అని అన్నం కలుపుకున్నారు. మార్తమ్మగారు ఆయనకి చారు పోసి నా ఆకు దగ్గరికి వచ్చారు. నేను అడగాలనే నోరు తెరిచాను. ఆమె నా మొహంలోకి చూశారు, నోరు మూసుకున్నాను.

నాలుగూ పదికి పొందూరులో పాసింజరు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ దారిన వెళ్లే పాఠకులు ఆ మూడు నోటుపుస్తకాలు చూడొచ్చు, మార్తమ్మగారు ఎవరికైనా చూపిస్తారు. నీలగ్రీవ గొప్ప రచన ఏదని నన్నడిగితే ఇప్పుడు నవలల పేరు చెప్పను. కానీ ఆ తలుపు వెనక ఏముందో తెలుసుకోవాలని ప్రాణం పీకుతూనే ఉంది, దాన్ని దాచను. చీపురుపల్లి స్టేషన్లో పుస్తకాల బల్ల కనబడితే, ముప్పై ఏళ్ల కిందట అక్కడ అటూ ఇటూ చూసి పత్రిక కొని చొక్కాలో దాచుకున్న సంఘపెద్ద గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నాకిప్పుడు అరవై ఎనిమిది. బీపీ ఉంది, మోకాళ్లు బాగాలేవు. డెబ్బై అయిదో ఏట మళ్లీ ఈ బండెక్కాలి. ఇంటికి వెళ్లగానే పొద్దున్న నడక మొదలుపెడతాను.