నాలుగంగుళాల మార్జిన్

1968లో శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు. బొబ్బిలి మార్కెట్టు వీధిలో మా ఇంటి అరుగు మీద మిషను వేసుకుని ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేదాన్ని. ఊరంతా నన్ను మిషను మంగమ్మ అనేవారు. అప్పట్లో పెద్దింటి ఆడవాళ్ళు కొలతలివ్వడానికి గడప దాటేవారు కాదు. ఒంటికి సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి పంపేవారు. దాన్నే ఆది అంటాం. మనిషిని చూడకుండా ఆది చూసి కుట్టెయ్యడమే పనితనమని నేను తెగ మురిసిపోయేదాన్ని.

ఆ రోజు బియ్యం వర్తకుల ఇంటి నరసమ్మగారు స్వయంగా వచ్చారు. ఒక చేతిలో కోడలు సావిత్రి పెళ్ళినాటి ఆది, ఇంకో చేతిలో కొడుకు ఉత్తరం. కొడుకు కువైట్‌లో ఇంజనీరు. రెండున్నరేళ్ళకి భార్యను తీసుకెళ్ళే వీలు కుదిరింది. విమానం ప్రయాణం, బొంబాయిలో పెద్ద హోటల్లో బస, అక్కడికెళ్ళాక పెద్ద ఆఫీసర్ల ఇళ్ళలో విందులు. బట్టల గురించే ఓ పేజీ రాశాడు. ఎండ మాడ్చేస్తుందట, అయినా ఒళ్ళు కనబడకూడదట. చేతులు మణికట్టు దాకా, మెడ పైదాకా, నడుం కప్పేలా పొడుగు. పెట్టె ఇరవై కిలోలు దాటకూడదు.

"నైలాను అయితే మెరుస్తాది కదే మంగా?" అన్నారు నరసమ్మగారు.

"ఆ ఎండలో నైలానా? ఉడికిపోద్దమ్మా పిల్ల! వాయిల్ తెప్పించండి. లోపల మల్లు గుడ్డ లైనింగ్ ఏస్తాను, పలసగుంటాది, ఒళ్ళు కనబడదు."

పన్నెండు జాకెట్లు ఒప్పుకున్నాను.

మొదటిది కుట్టి ట్రయలుకి, అంటే తొడిగి చూడ్డానికి, నేనే పట్టుకెళ్ళాను. అంత దూరం పోయే బట్ట, తేడా వస్తే దిద్దడానికి అక్కడ నేనుండను కదా. గదిలో సావిత్రి తొడుక్కుంది. జాకెట్టు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. టేపు పెట్టాను. ఆది ముప్పైనాలుగు, మనిషి ముప్పై.

"ఏటమ్మా, ఇలా సిక్కిపోనావు?"

"తిండి సయించట్నేదు పిన్నీ," అంటూనే దగ్గింది. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది.

"ఎన్నాళ్ళయి ఈ జొరం?"

తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "రెండు నెల్లయి సాయంత్రమైతే వస్తాది. మా అత్తకి సెప్పకు పిన్నీ, నీ కాళ్ళట్టుకుంతాను. డాక్టరు సూస్తే ఇమానం ఎక్కనివ్వడట. పెళ్ళై మూడేళ్ళు, ఆయనతో ఉన్నది ఆర్నెల్లు. ఆయన కాడికెళ్తే నానే బాగుపడతాను."

క్షయేమోనని నాకు తోచింది. దానికి మందులున్న రోజులే అవి. అయినా నేను నోరు విప్పలేదు. ఆడదాని ఒంటి సంగతి కుట్టేవాళ్ళు బయట చెప్పకూడదని మాలో కట్టుబాటు. దాని వెనక దాక్కున్నాను.

"లోపల మార్జిన్ ఒగ్గీ పిన్నీ. ఒళ్ళు సేసేక విప్పుకుంతాను," అంది. మార్జిన్ అంటే కుట్టుకి లోపల మడిచి వదిలే బట్ట. అన్నీ ఆది ప్రకారం కత్తిరించి, ఒక్కో పక్క రెండంగుళాలు లోపలికి పట్టి కుట్టాను. ఆ పొడుగు చేతుల్లో, ఆ ఎత్తు మెడలో ఎముకలన్నీ దాగిపోయాయి. ఒకటి తొడిగి చూపిస్తే అందరూ దొరసానిలా ఉందన్నారు. నా పనితనం అంత బాగా కుదిరిన రోజు మళ్ళీ లేదు. తలుచుకుంటే నా చేతుల మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెట్టె కూడా నేనే సర్దాను. పట్టుచీరలు మల్లు గుడ్డలో చుట్టి అడుగున, జాకెట్లు నలక్కుండా పైన, మూలల్లో కలరా ఉండలు. సావిత్రి మంచం మీద కూర్చుని, విమానంలో కట్టుకునే చీర అన్నిటికన్నా పైన పెట్టమంది. వైశాఖం చివర్లో, ప్రయాణం ఎనిమిది రోజులుందనగా దగ్గుతో రక్తం పడింది. విశాఖపట్నం తీసుకెళ్ళారు. మూడు నెలల ముందు తెస్తే బతికేదని డాక్టరన్నాడట. జ్యేష్ఠం దాటకుండానే పోయింది.

మరుసటేడు నరసమ్మగారు అదే పెట్టెతో మా అరుగెక్కారు. వెనక కొత్త కోడలు.

"ఒక్కటీ తొడగనేదే మంగా. లోపల బట్ట ఒగ్గీసేవని అది ఆస్పత్రిలో సెప్పింది. ఈ పిల్లకి వదులు సెయ్యి."

నాకు ఆగలేదు. "అమ్మా, సావిత్రి జొరం సంగతి నాకు ముందే తెలుసు. నాను సెప్పనేదు," అనేశాను.

తిడతారనుకున్నాను. ఆవిడ పెట్టె మూత తెరిచి, పైనున్న జాకెట్టు తీసి నా ఒళ్ళో పెట్టారు. "దగ్గు నాకూ ఇనబడిందే. ఇమానం ఎక్కిస్తే ఆడే సూసుకుంతాడనుకున్నాను," అన్నారు.

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి ఏం లాభం!

కొత్తమ్మాయిని ఎదురుగా నిలబెట్టి టేపు పెట్టాను. సరిగ్గా ముప్పైనాలుగు. "జొరం, దగ్గు ఏటైనా ఉన్నాదా? ఉంటే నా సెవిలో కాదు, అందరూ ఇనేలా సెప్పు," అన్నాను. పిల్ల బెదిరిపోయింది. ఆ తరవాత ఎంత పెద్దింటివాళ్ళైనా సరే, ఆది ఒక్కటే పంపితే బట్ట వెనక్కి పంపేశాను. కొలత తగ్గిన మనిషి కనబడితే ఇంట్లోవాళ్ళకి చెప్పాను. కొందరు తిట్టారు. తిట్టనీ.

పన్నెండు జాకెట్లూ విప్పి మార్జిన్ వదిలాను. కొత్తమ్మాయి ఒకటి తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది. చంక కింద వేలితో తడిమి అడిగింది.

"ఇదేటి పిన్నీ, సూది సుక్కలు గీతలా ఉన్నాయి?"

"పాత కుట్టమ్మా."

"ఉతికితే పోతాదా?"

"పోదు," అన్నాను.