పేరు రాయని మేస్త్రీ

కామాఠీపురాలోని ఇరుకు గదుల చాల్‌లో కంప్యూటర్ అనే మాట మొదట పలికినవాడు రాజమల్లు. పగలు ఒక దుకాణంలో బిల్లులు రాసి, సాయంత్రం డిప్లొమా క్లాసుకు పోయేవాడు. తాత పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనుల్లో నడుము విరగ్గొట్టుకున్నాడు, తండ్రీ అంతే. వీడికి ఆ గతి పట్టకూడదని మేనమామ చంద్రయ్య పట్టుబట్టి చదివించాడు. ఆ చదువే మామ నెత్తిన బండ వేసింది.

అది ఎనభై ఏడో సంవత్సరం. క్లాసులో నలుగురు జట్టుగా కలిసి ఒక కంపెనీలో లెక్కలు ఎలా నడుస్తాయో పరిశోధించి, కంప్యూటర్ పెడితే ఏం మారుతుందో రాయాలి. ఆ ప్రాజెక్టు లేనిదే డిప్లొమా లేదు. మిగతా ముగ్గురినీ ఏ కంపెనీ గడప తొక్కనివ్వలేదు. చివరికి రాజమల్లే, వర్లిలో మామ మేస్త్రీగా ఉన్న బిల్డింగు పని చూపించాడు. నివేదిక ప్రతి ఒకటి తమకివ్వాలనే షరతుతో అక్కడి కంపెనీ ఆఫీసు ఒప్పుకుంది. కాగితాలను నమ్మకండి, పనిచేసేవాళ్లను మంచి చేసుకుని మాట్లాడించండి, అదే పరిశోధన అని క్లాసులో సారు చెప్పాడు. సొంత మామను కొత్తగా మంచి చేసుకునేదేముంది? అన్నానికి కూర్చున్నప్పుడు అడిగితే చాలు.

మామ కింద కూలి చేసే పక్క గది సాయమ్మ పురుడు పోసుకుని ఇంట్లో ఉన్నా, హాజరీలో ఆమె పేరెలా పడుతోందని అడిగాడు. చంద్రయ్య అన్నం కలుపుతూనే చెప్పాడు.

"బాలింతతోని ఇటుకలు మోయిస్తమా అల్లుడా? ఆమె వంతు మేమే తలా ఇంత మోస్తం. కంపెనీకి ఒక్క ఇటుక తక్కువ గాదు. మా తాతల కాడికెల్లి గిదే దస్తూర్."

పేరు రాయనని మాటిచ్చి రాజమల్లు అదంతా రాసుకున్నాడు. మాట తప్పలేదు, వర్లి పనిలోని మేస్త్రీ అని మాత్రమే రాశాడు. ఆ పనికున్న మేస్త్రీ ఒక్కడేనని ఆ తెలివైనవాడికి తట్టలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. కాగితమెక్కిన మాటకు ఇంకెంతసేపు?

నివేదిక కూర్చింది జట్టు నాయకుడు దేశ్‌పాండే. టైపు చేసిన ప్రతిని రాజమల్లు తిప్పి చూశాడు. మామ చెప్పిన దస్తూరు కాస్తా దొంగ హాజరీ అయి కూర్చుంది. కంప్యూటర్ పెడితే ఆగిపోతుందట. ఆ పేజీ తీసేయమని కాళ్లావేళ్లా పడ్డాడు. కామెర్లతో పడుకున్న మన నాలుగోవాడి పని మనం చేసి, అతని పేరు పెట్టలేదా, అదీ దొంగతనమేనా అని అడిగాడు. అది వేరన్నాడు దేశ్‌పాండే. ఆ పేజీ పోతే ప్రాజెక్టులో ఏమీ మిగలదు, అందరం తప్పుతామన్నాడు. ఆఫీసుకివ్వాల్సిన ప్రతిని ఈ పొద్దున్నే ఇచ్చేశానని కూడా చెప్పాడు.

రాజమల్లు వర్లికి పరుగెత్తాడు. ఆఫీసు గేటు దగ్గరి చెప్రాసి లోపలికి పోనివ్వలేదు. సాయంత్రం దాకా గేటు పట్టుకుని నిలబడితే పెద్ద సాహెబు బయటికొచ్చాడు. తప్పు రాశాం సార్ అని నోరు తెరిచేలోపే, మంచి పని చేశారని భుజం తట్టి కారెక్కాడు. అంతకంటే చెప్పుదెబ్బ నయం. మర్నాడు చంద్రయ్యనూ, ఆయన తెచ్చిన పాలమూరు మనుషులందరినీ తీసేశారు. బాలింతతో సహా.

మామ గడప తొక్కే మొహం లేక రాజమల్లు కొన్నాళ్లు దాక్కుని తిరిగాడు. చివరికి నాగ్‌పాడా నాకా కూడలిలో కనబడ్డాడు చంద్రయ్య. కూలికి పిలిచేవాళ్ల కోసం చూసే జనంలో తానూ ఒకడై నిలబడి ఉన్నాడు. రాజమల్లు ఏడుస్తూ అంతా చెప్పాడు. పేరు రాయలేదు మామా, ఒట్టు అన్నాడు.

చంద్రయ్య రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఈ హాజరీ సంగతి ఆఫీసోళ్లు ఎన్నిసార్లు అడిగిన్రో. నోరిప్పలే. అడిగింది నువ్వు గాబట్టే చెప్పిన."