పొయ్యి పక్కనుంచి మూడో సీసా

ఈ ఏడాది చంకలో పిల్ల, చేతిలో ఫోను తప్ప నాకు వేరే లోకం లేదు. నెల్లిమర్లలో మా అద్దె ఇల్లు. ఆయన మిల్లుకి వెళ్లిపోయాక ఇంట్లో నేను, మా అత్త, ఏడాదిన్నర పాప. పాపకి జలుబు చేస్తే భయం, చేయకపోతే ఎప్పుడు చేస్తుందోనని భయం. ఇల్లు దిద్దుకోవడం ఎలాగో చెప్పే ఒకావిడ వీడియోలు అప్పుడే అలవాటయ్యాయి. వంటిల్లు శుభ్రంగా ఉంటే సగం జబ్బులు గడప దాటవని నిదానంగా చెప్పేది. ఆ గొంతు వింటుంటే నా గుండెదడ తగ్గేది.

ఆవిడ చెప్పినవి ఒక్కొక్కటీ చేశాను. ఫ్రిజ్‌లో గిన్నెడు కాఫీపొడి పెడితే వాసన నిజంగానే పోయింది. నిమ్మచెక్కతో రుద్దితే కుళాయి మెరిసింది. కళింగపట్నం నుంచి ఆడపడుచు పంపిన ఎండుచేపల్ని మాత్రం గాలి చొరని డబ్బాలో పెడితే వారానికే బూజు పట్టాయి. అత్త వాటిని పెరట్లో పారబోస్తూ, "సచ్చిన సేపకైనా గాలాడాలే" అంది.

తర్వాత సీసాలు. అన్నీ ఒకే తీరున ఉంటే వంటగది ప్రశాంతంగా ఉంటుందని ఆవిడ చెప్పింది. ఉప్పు జాడీ, చోడిపిండి, అదే రాగిపిండి, ఉండే సొట్ట డబ్బా, పంచదార ఉండే ఎర్రమూత సీసా అన్నీ అటకెక్కించి, డజను గాజుసీసాలు కొన్నాను. గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి అంటించాను. జిడ్డు గిన్నెలకి బట్టల సోడా వాడమన్నదీ ఆవిడే. అందుకని అదీ ఒక సీసాలో చేరింది.

అత్త వాటి ముందు చాలాసేపు నిలబడింది.

"ఓలమ్మీ, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏటో నాకెలా తెలుస్తాది?"

పేర్లు రాశాను కదత్తా అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆమెకి అక్షరం రాదని. ఆమె ఏమీ అనుకోలేదు. వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. పొయ్యి పక్కనుంచి మూడోది ఉప్పు, అయిదోది పంచదార. రెండు రోజుల్లో చూడకుండానే చెయ్యి వేసేది.

ఆమెకి ఇంకో అలవాటుండేది. పాపకి చోడి అంబలి పెట్టేముందు ఒక చెంచా తన నోట్లో వేసుకుని, వేడీ ఉప్పూ చూసుకుని, అదే చెంచాతో తినిపించేది. పెద్దవాళ్ల ఎంగిలితో పిల్లలకి రోగాలు వస్తాయని వీడియోలో విన్న రోజే, ఇక రుచి చూడొద్దని చెప్పాను. చదువుకున్న కోడలు చెప్పిందని ఆ పూట నుంచే మానేసింది. ఆమె ఒక్కసారైనా ఎదురు చెప్పి ఉంటే బాగుండేది.

ఒక ఉదయం అల్మారా తుడుద్దామని సీసాలన్నీ దించాను. తుడిచి మళ్లీ పెట్టేశాను. ఏది ఎక్కడ పెట్టానో చూసుకోలేదు, పేర్లున్నాయి కదా. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పాప అరుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదు, అలిగిన ఏడుపూ కాదు. అంతకుముందెప్పుడూ వినని గొంతు. వెళ్లేసరికి అత్త చేతిలో అంబలి చెంచా ఉంది; పాప పెదాలు ఎర్రగా కందిపోయి, నోట్లోంచి చొంగ కారుతోంది. పొయ్యి పక్కనుంచి మూడో సీసా మూత తీసి ఉంది. దాని మీద నా గుండ్రటి అక్షరాలు: బట్టల సోడా.

ఆటోలో విజయనగరం వెళ్లేదాకా అత్త నోరు విప్పలేదు. నా మీద కోపమనుకున్నాను. మిగిలిన అంబలి గిన్నె పైటకొంగు కింద పట్టుకుని ఉంది. డాక్టరు ఎంత సోడా పడిందని అడిగాడు. నాకేం తెలుసు? అత్త నాలుక బయటపెట్టి చూపించింది. కొస ఎర్రగా పొక్కిపోయి ఉంది; గిన్నెలో మిగిలిన అంబలి తనే నాకి చూసుకుంది.

"ఇంత మంటగా ఉన్నాది బాబూ. కళ్లు కనపడక నానే ఏసేసినాను."

ఆమె కళ్లకి ఏ జబ్బూ లేదు. గొంతులో వాపు వస్తుందేమో రెండు రోజులు చూడాలన్నాడు డాక్టరు. ఆ రెండు రోజులూ పాప ప్రతి ఊపిరినీ లెక్కపెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి తల్లిని నానా మాటలూ అన్నారు. పక్కనే కూర్చుని అవీ విన్నాను.

వాపు రాలేదు. పాప పాలు తాగింది. కానీ చెంచా చూస్తే పెదాలు బిగించేసేది. ఇంటికొచ్చిన నాలుగో రోజు, ఇక దాచుకోలేక, సీసాలు మార్చింది నేనేనని అత్తకి చెప్పాను.

"తెలుసులే" అంది, చోళ్లు చెరుగుతూ. "నాను లెక్క తప్పలేదు."

మరి ఎందుకలా చెప్పావని అడిగాను.

"నా మీదయితే ముసిల్దానివని ఊరుకుంటారు. నీ మీదయితే జన్మంతా ఊరుకోరే."

ఆ మాటకి ఏడవాలనిపించలేదు. భయమేసింది. ఈ ఇంట్లో తప్పు చేసిన కోడలికి ఏం జరుగుతుందో ఆమెకి ముందే తెలుసన్నమాట.

ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. నిద్రలో దానికి పొలమారినట్టు వినిపిస్తే లేచి చూసి వస్తున్నాను. ఈమధ్య నేను చేత్తో కలిపి పెడితే తింటోంది. ఈరోజు మధ్యాహ్నం తనంతట తనే గిన్నె ఈడ్చుకుంటూ నానమ్మ దగ్గరికి వెళ్లి నోరు తెరిచింది. అత్త రెండు చేతులూ వెనక్కి దాచేసుకుని, నన్ను కేకేసింది.