ముల్లు మీద ముల్లు

ఆ గల్ఫ్ నగరంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని నా గది ముందు శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ పికప్ ఆగగానే డ్రైవరు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఏం పంతులు సారూ, ఇయ్యాలన్న ఫిరంగి పేలుస్తడా మీ దొర?"

"పేల్చవచ్చు. పోనీయవయ్యా."

"పోయిన వారం గూడ గట్లనే అంటిరి. మా క్యాంపుల అందరు అడుగుతున్రు. ఇంక ఓడకు రంగులే పూస్తున్రని జెప్పాల్నా?"

అతడు జగిత్యాల వైపు మనిషి, ఇండస్ట్రియల్ ఏరియా కూలీల క్యాంపులో ఉండేవాడు. అతని ఎగతాళికి నేను నవ్వలేకపోయేవాణ్ణి. ఆ విసుగు అతనికంటె నాకే ఎక్కువగా ఉండేది.

అతడు దొర అనేది అదే ఊళ్లో మెసైమీర్ పేటలో ఒంటరిగా నివసించే వృద్ధుడైన ఆంగ్లేయుణ్ణి. యౌవనమంతా బ్రిటిష్ నౌకాదళంలో, మహాయుద్ధనౌకల మీద గడిపి, కమాండర్ హోదాకు పైన ఒక్క మెట్టయినా ఎక్కకుండా విరమించినవాడు. పందొమ్మిదివందల తొంభైల నడుమ, ఆ రోజులలో మా కంపెనీకి రేవు పనులలో సలహాదారుగా ఉండేవాడు. ఆ వేసవితో కొలువు ముగుస్తుంది, స్వదేశం వెళ్లిపోవాలి. అక్కడ ఆయన మనవరాలు ఒక ప్రశ్నతో ఎదురుచూస్తున్నది: తాతా, రెండో ప్రపంచయుద్ధంలో నువ్వేం చేశావు? ఆ ప్రశ్నకు జవాబు చేతికిచ్చి తీరాలని ఆయన పట్టుదల. కన్నులకు పొరలు కమ్మి రాయలేని స్థితి. కార్యాలయంలో ఉత్తరాలు రాసే నన్ను పిలిచి, తాను చెబుతుంటే రాసిపెట్టమన్నాడు.

నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివి, సముద్రవర్ణనలూ రణవర్ణనలూ కంఠస్థం చేసి, చివరకు సిమెంటు బస్తాల రాకపోకల గురించి ఉత్తరాలు రాసుకుంటున్నవాణ్ణి. పసివాడు దూరి పడుకోగలిగినంత పెద్ద ఫిరంగి గొట్టాలున్న ఓడ మీద బతికిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఆశ పుట్టదా?

ఆ ఆశను ఆయన వారం వారం నీరుగార్చాడు. పదమూడో ఏట నౌకా పాఠశాలలో చేరడం ఒక శుక్రవారం. ఉయ్యాల పడకను బిగించి చుట్టడం మరొక శుక్రవారం. చెక్క డెక్కును రాతితో తోమడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఇత్తడి మెరుపుకు, రంగు పూతకు, అడ్మిరల్ తనిఖీకి ఇంకెన్నో. ఫిరంగుల పొగ పడితే కొత్త రంగు మాసిపోతుందని సాధన కాల్పులకే వెనుకాడిన పై అధికారుల గురించి చెబుతూ నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. తీరా యుద్ధం ప్రస్తావన వస్తే టీ కప్పు కింద పెట్టి, "నేటికి చాలు, పండిట్" అనేవాడు.

ప్రయాణం దగ్గర పడింది. కథలో యుద్ధం లేదు. సంకోచం వల్ల చెప్పలేకపోతున్నాడని నిశ్చయించుకొని, ఆ లోటు నేనే పూరించాను. ఉదయించే సూర్యుడు, ఉప్పొంగే కడలి, క్షితిజాన శత్రునౌక, అగ్నిగోళాలు, ఓడను నడిపించే ఎత్తైన వంతెన మీద నిలిచి ఆజ్ఞలిస్తున్న యువాధికారి. నా జన్మలో అంతటి వాక్యాలు రాయలేదు. తరువాతి శుక్రవారం ఆయనకు చదివి వినిపించాను.

ఆయన చివరి వరకు విన్నాడు.

"ఆ వంతెన మీద నిలబడినది ఎవరు?"

"మీరే కదా!"

"నేను అక్కడ లేను. ఓడ అడుగున, నీటిమట్టానికి కింద, ఇనుప గదిలో ఉన్నాను. కిటికీ లేదు. తలుపు బయటినుంచి బిగించారు."

"అది మీరు ఇన్నాళ్లూ చెప్పలేదు."

"అక్కడికే వస్తున్నాను. మీకు తొందర ఎక్కువ."

నాకు కోపం వచ్చింది. "మీ మనవరాలు చదవాలంటే ఇటువంటిది ఒకటి ఉండాలి."

"చదివితే నమ్ముతుంది. అదే నా భయం. ఆ పుటలు తీసేయండి, ఇది రాసుకోండి."

ఆ గదిలో ఒక పెద్ద యంత్రం. దాని ముఖాన గుండ్రని పలకలు, ఒక్కొక్క పలకలో రెండేసి ముళ్లు. పైనుంచి అందే లెక్కను బట్టి ఒక ముల్లు కదులుతుంది. చేతిపిడి తిప్పి రెండో ముల్లును సరిగా దాని మీదికి తేవాలి. ఆ రెండూ ఏకమైతేనే పైన ఫిరంగులకు గురి కుదురుతుంది. పిడులు తిప్పేది ఓడలోని బ్యాండు మేళం వాళ్లు. వారికి తాళం తప్పని చేతులున్నాయని ఆ పని అప్పగించేవారట. వారి మీద అధికారి ఈయన. పైన ఏమి జరిగిందో ఎవరికీ తెలియదు. గోడలు అదిరాయి, దీపాలు ఆరి వెలిగాయి. క్లారినెట్ వాయించేవాడు భయంతో కూనిరాగం తీస్తూనే పిడి తిప్పాడు. ఎవరి ముల్లూ తప్పిపోలేదు.

"శత్రు ఓడను నేను చూడలేదు. ముల్లు మీద ముల్లు నిలిపాము. ఇంతే, పండిట్. ఇప్పుడు పూర్తయింది."

ఆయన ముఖం తేటపడింది. నాది తేటపడలేదు. ఈ కాసిని వాక్యాల కోసమా ఇన్ని శుక్రవారాలు?

బయట పికప్ ఎక్కగానే డ్రైవరు అడిగాడు. "ఇయ్యాల్టితోని ఖలాసేనా సారూ? పేలిందా?"

జరిగినది చెప్పాను.

"గదేంది! లోపట గూసొని పిడి తిప్పుడా? గిది నేను క్యాంపుల జెప్తే నన్ను తంతరు."

పంతానికి నా పుటలు తీసి, తెలుగు చేస్తూ వినిపించాను. అతడు బండి పక్కకు తీసి ఆపేశాడు.

"గిదీ యుద్ధమంటే! ఇంకోపారి సదువుండ్రి సారూ."

మళ్లీ చదివాను. తొలిసారి బాగున్నట్టు తోచిన వాక్యాలు అతని చెవులకు ఇంకా ఇంపుగానే ఉన్నాయి, నాకు మాత్రం చప్పగా తగిలాయి. అవి అతని చేతికే ఇచ్చేశాను.

"యల్లా, పోదాం" అంటూ అతడు బండి కదిలించాడు. దారి పొడవునా శత్రునౌక మునిగిన తీరు నాకే తిరిగి చెప్పాడు. నా చూపు అతని ముందు పలకలో వేగం చూపే ముల్లు మీదనే ఉండిపోయింది.